పద్దెనిమిదో బల్ల

నాకు ముక్కుమీద కోపం అని మా ఇంట్లో ఎప్పుడో తీర్మానమైపోయింది కాబట్టి, ఈ సంగతి నేను నిదానంగా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. చెప్పేది మా అక్క కూతురి గురించి. దాన్ని నేను ఉడత అంటాను. చిన్నప్పుడు రబ్బరు ముక్కలు, పెన్సిలు ముక్కలు, సగం కొరికిన బిస్కెట్లు తెచ్చి దిండు కింద, చెప్పుల్లో, మా ఆయన చొక్కా జేబుల్లో దాచేది. యూనివర్సిటీలో చేరి ఏడాదిపాటు మా ఇంట్లో ఉండటానికి వచ్చినప్పుడు బిస్కెట్లు మానేసింది గానీ దాచే అలవాటు మానలేదు. ఈసారి చదువు చీటీలు. పంచదార డబ్బా మూత లోపల కాలేయం, అద్దం వెనక మూత్రపిండం, నా దారపు కండెల పెట్టెలో మెడ నరాలు.

మా ఇల్లు యూనివర్సిటీ వెనక వీధిలో ఉంటుంది. ముందు గదిలో నా కుట్టుమిషను, బట్ట కత్తిరించే బల్ల, తలా కాళ్ళూ లేని కుట్టుబొమ్మ. నేను కుట్టేవి తెల్లకోట్లు. ఆస్పత్రి వాళ్ళకి, ల్యాబు వాళ్ళకి, ఏటేటా కొత్తగా చేరే పిల్లలకి. ఇరవై ఏళ్ళుగా అవే కుట్టి కుట్టి, ఎవరైనా గుమ్మంలోకి వస్తే మొహం కంటే ముందు భుజాల కొలత కనపడుతుంది నాకు.

అక్కడి చదువు పద్ధతి కొంచెం చెప్పాలి. డాక్టరు కావాలన్నా, పళ్ళ డాక్టరు కావాలన్నా, ఫిజియోథెరపీ అన్నా, వినికిడి పరీక్షలన్నా, మొదటి ఏడాది అందరూ కలిసి ఒకే చదువు చదవాలి. ఆరోగ్య శాస్త్రాల మొదటి సంవత్సరం అంటారు. ఏడాది చివర అందరినీ మార్కుల వరసలో నిలబెడతారు. మొదటి రెండువందల మంది డాక్టరు చదువుకి వెళ్తారు. మిగతావాళ్ళు మిగిలినవాటిలోంచి ఏరుకోవాలి. ఇంకో ఏడు మళ్ళీ కూర్చుంటాను అంటే కుదరదు, ఒక్కసారే. మా ఉడత చేరిన ఏడు పదకొండువందల మంది చేరారు.

వచ్చిన మర్నాడే దానికి కోటు కొలతలు తీశాను.

"పిన్నీ, కుడివైపు జేబు ఇంకో రెండంగుళాలు లోతుగా పెట్టవూ?"

"ఎందుకే? అందులో కూడా చీటీలు దాస్తావా?"

"స్టెతస్కోపు పెట్టుకుంటే జారిపోకుండా."

"మొదటి ఏడు స్టెతస్కోపుతో నీకేం పనే?"

"పనేం లేదులే. అయినా పెట్టు."

పెట్టాను. పెట్టక చస్తానా?

డాక్టరే ఎందుకు కావాలని ఒకరోజు అడిగాను. సేవ, గీవ అని పెద్ద పెద్ద మాటలు చెబుతుందనుకున్నాను. దానికి తొమ్మిదేళ్ళప్పుడు కాలి ఎముకలో చీము పట్టి మూడు వారాలు ఆస్పత్రిలో పడుకుంది. ఆ రోజుల సంగతి చెప్పింది.

"రోజూ పొద్దున్నే ఒక డాక్టరమ్మ వచ్చేది పిన్నీ. ఆవిడ తలుపు తీసుకుని లోపలికి రాగానే వార్డులో ఉన్న అమ్మలందరి మొహాలూ మారిపోయేవి. ఆవిడ ఇంకా ఎవర్నీ ముట్టుకోలేదు, మందు రాయలేదు, ఊరికే వచ్చిందంతే. నాకూ అలా లోపలికి రావాలని ఉంది."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకూ అదే పిచ్చి పట్టుకుంది. నాకు పిల్లల్లేరు. నా చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది. ఎవరైనా ఇంత గట్టిగా ఒకటి కోరుకుంటూ నా ఇంట్లో తిరగడం నేను ఎన్నడూ చూడలేదు. అది కోరుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు, నేను కూడా కోరుకోవడం మొదలుపెట్టాను.

పోటీ ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలీదు. ఎవరో మహానుభావుడు లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క పుస్తకాన్ని తీసుకెళ్ళి తోటపని పుస్తకాల వెనక దాచాడట, ఇంకొకళ్ళకి దొరక్కుండా. "నిన్న ఎంతసేపు చదివావు?" అని అడిగితే ప్రతివాడూ "అబ్బే, అసలు పుస్తకమే తీయలేదు" అంటాడట, కళ్ళు మాత్రం చింతనిప్పుల్లా ఉంటాయట. అర్ధసంవత్సరం పరీక్షలయ్యేసరికి నేను కుట్టిన కోట్లు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలుపెట్టాయి, నడుము దగ్గర లోపలికి తీయమని. ఒకమ్మాయి నేను టేపు చుడుతుండగానే నిలబడి నిద్రపోయింది. ఈ చదువు నేర్పేవాళ్ళకి మనుషుల ఆరోగ్యం గురించి ఏమైనా తెలుసా అని నాకు అనుమానం వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఉడత ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మిషను పక్కన నేలమీద కూర్చుంది.

"మా బెంచీలో అమ్మాయి చదువు మానేసి వెళ్ళిపోయింది పిన్నీ. వాళ్ళ నాన్నకి బాగాలేదట."

"అయ్యో పాపం."

"నాకు అయ్యో అనిపించలేదు. ఒకళ్ళు తగ్గారు అనిపించింది. ముందు అదే అనిపించింది." మోకాళ్ళలో తల పెట్టుకుంది. "నేనేం మనిషిని పిన్నీ? ఇలాంటిదాన్ని రోగుల దగ్గరికి ఎవరు రానిస్తారు?"

తల నిమిరి, "వాళ్ళ నాన్నకెలా ఉందో రేపు ఫోను చేసి కనుక్కో" అన్నాను. అది మర్నాడు కాదు, అప్పుడే లేచి వెళ్ళి ఫోను చేసింది. అరగంట మాట్లాడింది. ఆ అరగంట చదువు పోయిందే అని లోపల నాకు పీకుతూనే ఉంది. నేను మాత్రం ఏం మనిషిని?

ఇక అసలు సంగతికొస్తాను. ఏడాది చివర పరీక్షల్లో ఒకదాన్ని స్పాట్ పరీక్ష అంటారు. పెద్ద హాల్లో ముప్ఫై బల్లలు వేస్తారు. ఒక్కో బల్లమీద ఒక్కో వస్తువు. దారం కట్టిన ఎముక, సీసాలో గుండె ముక్క, ఎక్స్‌రే, మైక్రోస్కోపు కింద ఏదో మరక. బల్లకి ఒక నిమిషం. గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. చూసింది ఏమిటో కాగితంమీద రాయాలి.

అది నేర్చుకోవాలంటే ఇంట్లో కూడా అలాగే చెయ్యాలన్నాను నేను. మా ఇంట్లో ముప్ఫై బల్లలెక్కడివి? వంటగట్టు, కిటికీ, మేడమెట్లు, మిషను, గూట్లో పాత రేడియో, ఇలా ముప్ఫై చోట్లు చూసి దాని చీటీల వెనక నంబర్లు వేసి పెట్టాను. కుట్టుబొమ్మ ఒంటినిండా సుద్దతో కండరాలు గీసింది ఉడత. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఆయన గడియారం ముందు పెట్టుకుని, నిమిషానికోసారి స్టీలు గ్లాసుమీద చెంచాతో కొట్టేవాడు. ఒక్కోసారి కునికిపాటు పడి మూడు నిమిషాలకి కొట్టేవాడు. "బాబాయ్, ఇలాగైతే అందరం పాసవుతాం" అని అది నవ్వేది. జవాబులు చూసి దిద్దడం నా పని. భుజం వెనక రెక్కలాంటి ఎముకని స్కాపులా అంటారని, నేను ఇరవై ఏళ్ళుగా కోటు వీపు కుట్టు వేస్తున్నది సరిగ్గా దానిమీదేనని అప్పుడే తెలిసింది. నా వంతు ఉడతాభక్తి అనుకుంటూ మురిసిపోయాను.

మొదటి ఆదివారమే అది చెప్పింది. "ముప్ఫైలో ఒక బల్ల ఖాళీగా ఉంటుంది పిన్నీ. కుర్చీ ఒకటే వేస్తారు. ఆ నిమిషం ఊరికే కూర్చోవాలి. మనం కూడా ఒక చోటు ఖాళీగా వదులుదాం."

"ఊరికే కూర్చోవడం కూడా నేర్చుకోవాలా? నిమిషం దండగ. అక్కడా ఒక చీటీ పెడతాను, ఒకటి ఎక్కువే వస్తుంది."

అది నవ్వి సరేనంది. పన్నెండు ఆదివారాలు ముప్ఫై చోట్లా ముప్ఫై పెట్టాను. ఆఖరి ఆదివారం ముప్ఫైకి ముప్ఫై రాసింది. మా ఆయన గ్లాసుమీద ఆగకుండా వాయించాడు.

పరీక్షనాడు మధ్యాహ్నం ఇంటికొచ్చింది. ఒక బాలింత కోసం కోటు వదులు చేస్తున్నాను. నా మొహం చూడకుండా నీళ్ళు తాగింది. ఆ తర్వాత చెప్పింది.

జవాబుల కాగితంలో ముప్ఫై గడులుంటాయి. ఏ నంబరు బల్ల జవాబు ఆ నంబరు గడిలో రాయాలి. ఖాళీ బల్ల గడి ఖాళీగా వదిలెయ్యాలి. పిల్లల్ని కొంతమంది చొప్పున పిలిచి, తలా ఒక బల్ల దగ్గర నిలబెట్టి మొదలుపెట్టిస్తారు. దీనికి పదిహేడో బల్ల వచ్చింది. చూసింది, పదిహేడో గడిలో రాసింది. గంట కొట్టారు. పక్కన పద్దెనిమిదో బల్ల, అదే ఖాళీ బల్ల. ఏదో ఆలోచిస్తూ కూర్చుందట. గంట కొట్టగానే లేచి పంతొమ్మిదో బల్లకి వెళ్ళింది. చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం, రాసిన గడి కింద ఉన్న గడిలోకి వెళ్ళింది. అది పద్దెనిమిదో గడి.

అక్కణ్ణుంచి ప్రతి జవాబూ ఒక గడి వెనకపడింది. పంతొమ్మిదిది పద్దెనిమిదిలో, ఇరవైది పంతొమ్మిదిలో. నిమిషానికొక బల్ల, తల ఎత్తే తీరిక లేదు. చుట్టూ తిరిగి ఆఖరికి పదహారో బల్ల దగ్గర జవాబు రాసి చూసుకుంటే, బల్లలు అయిపోయాయి, పద్దెనిమిదో గడికి బదులు పదహారో గడి ఖాళీగా మిగిలింది. అప్పుడు అర్థమైంది. ఆ వెంటనే ఆఖరి గంట.

"ఒక్క బాణం గుర్తు గీసుకుంటాను మేడం అని అడిగాను. పెన్నులు కింద పెట్టమన్నారు" అంది. "ఒక్కటి కూడా రానిది లేదు పిన్నీ. అన్నీ వచ్చు."

అది ఏడవలేదు. ఖాళీ బల్ల అన్న మాట దాని నోట వినగానే నేను పెట్టిన ముప్ఫయ్యో చీటీ గుర్తొచ్చింది. ఆ సంగతి దానికి చెప్పే ధైర్యం లేక, "చూద్దాంలే, దిద్దేవాళ్ళకి కళ్ళుంటాయి" అన్నాను.

కళ్ళున్నాయి. అయినా రెండువందల ముప్ఫై ఒకటో ర్యాంకు వచ్చింది. ఆ పరీక్షలో సగం మార్కులు వచ్చినా లోపల ఉండేది. దిద్దిన కాగితాలు పిల్లలకి చూపించే రోజున దాంతోపాటు నేనూ వెళ్ళాను, వద్దన్నా వినకుండా. ఎముకల పాఠం చెప్పే మేడం గదికి. నెరిసిన జుట్టు, గొలుసుకి కట్టిన కళ్ళజోడు. కాగితం మా ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలు, ఇరవై ఎనిమిది ఎర్ర గీతలు. సరైనది ఒక్కటే, పదిహేడోది.

"ఇరవై తొమ్మిదీ సరైన జవాబులేనమ్మా. నేను రెండుసార్లు చూశాను" అంది మేడం.

"అయితే మార్కులు వెయ్యండి" అన్నాను నేను.

"మీరు..."

"దీని పిన్నిని. మార్కులు వెయ్యండి."

"పిన్నీ" అని ఉడత నా చెయ్యి పట్టుకుంది.

మేడం కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వార్డులో పంతొమ్మిదో మంచం మందు పద్దెనిమిదో మంచానికి ఇచ్చామనుకోండి. మందు సరైనదే కదా అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇది వార్డు కాదు కదండీ. ఇక్కడ మంచాల మీద ఎవరూ లేరు, ఎముకలున్నాయి. తప్పు ఇక్కడ చేస్తేనే కదా అక్కడ చెయ్యకుండా ఉండేది? ఇది జన్మలో ఇంకోసారి గడి మారుస్తుందా? ఆ రెండువందల మందికీ ఇంత గట్టిగా పాఠం నేర్పారా మీరు?"

మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మీరన్నది నిజమే అయ్యుండొచ్చు" అంది. "కానీ ఏటా ఇద్దరు ముగ్గురు ఇలాగే రాస్తారు. వాళ్ళెవరికీ వెయ్యలేదు. ఇప్పుడు ఈ అమ్మాయికి వేస్తే వాళ్ళకేం చెప్పను?"

నేను ఇంకా ఏదో అనబోయాను. ఉడతే లేచి, కాగితం మడత పడకుండా మేడం ముందు పెట్టి, "నేను చూసుకున్నాను మేడం. థాంక్సండీ" అంది. తర్వాతి ఏడు నుంచి ఖాళీ బల్ల గడిని ముందే నల్లగా అచ్చేస్తున్నారని నా దగ్గర కోట్లు కుట్టించుకునే పిల్లలు చెప్పారు. సంతోషం. ఆ మాట విన్న రోజు కత్తెర విసిరికొట్టాను.

వచ్చే దారిలో ఆస్పత్రి ఎదురుగా సిమెంటు బెంచీ ఉంటే కూర్చున్నాం. ఇక దాచలేకపోయాను. "నా వల్లే అయింది. ఖాళీగా ఒక చోటు వదులుదామని నువ్వు చెప్పావు. నేనే చీటీ పెట్టాను" అన్నాను.

అది రోడ్డువైపు చూస్తూ కూర్చుంది.

"నాకు తెలుసు పిన్నీ. ఆ పద్దెనిమిదో బల్ల దగ్గర కూర్చున్నప్పుడే గుర్తొచ్చింది. మా పిన్నయితే ఇక్కడ కూడా ఒకటి పెట్టేది అనుకున్నాను. నవ్వొచ్చింది. అప్పటిదాకా భయంగా ఉంది, నవ్వుకున్నాక తగ్గింది. ఆ నవ్వులోనే లేచాను."

రెండు చెంపలూ వాయించినా బాగుండేది నాకు.

అది వినికిడి పరీక్షల చదువు ఎంచుకుంది. ఎందుకు అదే అని వాళ్ళమ్మ ఫోనులో అడిగితే, "చూడ్డానికి వెళ్ళాను, ఆ గది చాలా నిశ్శబ్దంగా ఉందమ్మా, ఎవరూ పరిగెత్తడం లేదు" అంది. ఇంకో నాలుగేళ్ళు మా ఇంట్లోనే ఉండి చదివింది, బాగానే చదివింది. రోజూ దగ్గరి దారి వదిలేసి ఆస్పత్రి పెద్ద గేటు ముందునుంచే ఇంటికొచ్చేది. ఎందుకని నేను ఒక్కసారి కూడా అడగలేదు. దాంతోపాటు చదివి డాక్టరు చదువుకి వెళ్ళిన పిల్లలు కొత్త కోట్లకి నా దగ్గరికి వస్తే, చెయ్యి నొప్పి అని అబద్ధం చెప్పి పంపేశాను. ఏడాదిపాటు నొప్పి తగ్గలేదు.

ఇదంతా జరిగి పన్నెండేళ్ళు. ఉడత ఇప్పుడు ఆ ఆస్పత్రిలోనే పనిచేస్తోంది. ఈమధ్య మా ఆయనకి నా మాటలు వినపడటం లేదని తీసుకెళ్ళాను. ఆయనకి నా మాటలు పెళ్ళైన కొత్తలోనే వినపడటం మానేశాయి గానీ, ఇప్పుడు మిగతావాళ్ళవి కూడా వినపడటం లేదు. ఆయన్ని బయట కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను. గోడలకి మెత్తటి దూది పలకలు వేసిన చిన్న గది. ఉడత ఒక ముసలాయన చెవికి కొత్త మిషను పెట్టి చూస్తోంది. ఆయన కూతురు వెనక నిలబడి చిన్నగా "నాన్నా" అంది. ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. తిరిగి, కూతుర్ని చూసి, మా ఉడత రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చల్లగా ఉండాలి డాక్టరమ్మా."

అది ఆయన చేతుల్లోంచి తన చేతులు తీసుకోలేదు. నవ్వుతూ నిలబడింది. ఆ తర్వాత, "నేను డాక్టర్ని కాదండీ. వినికిడి పరీక్షలు చేస్తానంతే" అంది. ముసలాయన ఆ మాట పట్టించుకోకుండా, తన చెప్పుల చప్పుడు తానే వింటూ వెళ్ళిపోయాడు.

నేను ఉండబట్టలేకపోయాను. "ఆయన ఏదో పిలుచుకుంటే నీకేం పోయిందే? దిద్దకపోతే కొంపలు మునిగిపోతాయా?"

"దిద్దాలి పిన్నీ. రోజుకి పదిమంది అంటారు. పదిమందికీ చెప్తాను."

"చెప్పేదానివి వెంటనే చెప్పొచ్చుగా మరి. అంతసేపు ఆగావెందుకు?"

అది పరీక్ష మిషను వైరు చేతికి చుట్టుకుంటూ నా వైపు చూసింది. ఆ పదకొండువందల మందిలో ఉన్నప్పటి మొహమే, ఏమీ మారలేదు.

"ఆ మాట పూర్తిగా విన్నాక చెప్తాను" అంది. తలుపు తీసి, "బాబాయ్, రా, నీ వంతు" అని గట్టిగా పిలిచింది.